నీటిగుర్రం దగ్గరే గడిచిన ఆదివారాలు

మా వీధి మలుపులోకి అనపకాయల బండి వచ్చింది. మంచుకు తడిసిన కాయలను గోనెపట్టా మీద కుప్పగా పోసి అమ్ముతున్నారు. చిక్కుడులా ఉండే ఆ కాయ ఒకటి వలిచి చూశాను. ఆ జిడ్డు వేళ్ళకు అంటుకుని, సబ్బు పెట్టి కడిగినా వాసన వదలలేదు. చలికాలమంతా పక్కింటి జయమ్మగారి చేతులు ఇదే వాసన వేసేవి. ఆ చేతులతోనే మా నిహ బుగ్గలు పట్టుకునేవారు. చేతులు కడుక్కుని పిల్లను ముట్టుకోండని నేను చెప్పేదాన్ని. ఆవిడ విననట్టే ఉండేవారు.

ఆవిడను తలుచుకోవడమంటే నాకు ఆవిడ నన్ను అన్న మాటలను తలుచుకోవడమే. వాటిలో ఒక్కటి కూడా మరిచిపోలేదు. మేము విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి బ్రూక్‌ఫీల్డ్ వెనక వీధిలో అద్దెకు దిగినప్పుడు ఆవిడది మా పక్క వాటా. పుట్టింది అత్తిబెలె దగ్గరి పల్లెలో. బళేపేటలో గాజుల దుకాణం నడిపిన భర్త పోయాక ఇటు వచ్చి ఒంటరిగా ఉండేవారు. ఆవిడ మాటలో సగం తెలుగు, పావు కన్నడం, మిగిలినదంతా ఎత్తిపొడుపు. మేము దిగిన కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం మాల్ నుంచి తిరిగొస్తున్నాం. నాలుగేళ్ళ నిహ నా భుజం మీద గుక్కపట్టి ఏడుస్తోంది. గేటు దగ్గర నిలబడి ఉన్న జయమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఎక్కడికో తీసుకపోయి ఏడిపించుకొని వచ్చేదానికి, ఇంట్లోనే ఏడిపిచ్చి ఉండొచ్చు కదప్పా. ఆటో చార్జీ మిగిలేది."

అది ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట. వెనకాల సంచులు మోసుకొస్తున్న మా ఆయన నవ్వారు. ఆ నవ్వును కూడా నేను మరిచిపోలేదు.

నా బాధ ఆవిడకేం తెలుసు అనుకున్నాను. పొద్దున నిహ లేవకముందే నేను ఆఫీసుకు బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి దాని కళ్ళు మూతలు పడుతుండేవి. శనివారం కూడా ఏదో ఒక మీటింగు తగిలేది. బిడ్డతో గడపడానికి నాకు మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్క రోజులో ఆరు రోజుల లోటు తీర్చేయాలని పార్కు, బొమ్మల రైలు, మాల్, ఐస్‌క్రీమ్ అన్నీ వరుసగా పెట్టుకునేదాన్ని. ఏదీ వదిలిపెట్టకూడదు. ట్రాఫిక్‌లో ఆలస్యమైతే డ్రైవర్‌తో, క్యూలో ఎవరైనా ముందుకు దూరితే వాళ్ళతో గొడవపడి మరీ అన్నీ చూపించేదాన్ని. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను, క్యూ అంటే క్యూనే. కానీ ఆదివారం పేరెత్తితే నిహ కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

అప్పటికి స్కూలు వ్యాను దిగిన నిహ నేను వచ్చేదాకా జయమ్మగారింట్లోనే ఉంటోంది. అక్కడ నానబెట్టిన అనపగింజలను ఇద్దరూ పితికేవాళ్ళు. వేళ్ళ మధ్య నుంచి పప్పు జారి ఎగిరిపడితే నిహ నవ్వే నవ్వు, శనివారాలు ఇంట్లోంచే మీటింగులో ఉన్న నాకు గోడ ఇవతలికి వినిపించేది. ఆ నవ్వు మా ఇంట్లో నాకు దొరికేది కాదు.

జూకి వెళ్దామనుకున్న ఆదివారం పొద్దున నిహ చెప్పులు కనబడలేదు. మంచం కింద, బీరువా వెనక అంతా వెతికాను. చివరికి అవి జయమ్మగారి బియ్యం డబ్బా వెనక దొరికాయి. పిల్ల ముందురోజు సాయంత్రమే అక్కడ దాచింది, ఆవిడ చూస్తూ ఊరుకున్నారు. మీకు తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. నాతో బయటికి రాకుండా ఉండటానికి నా కూతురు చెప్పులు దాచుకుందన్న మాట నా నోట రాలేదు. చెప్పుల కోసం చెయ్యి చాచాను.

ఆవిడ చెప్పులు తుడిచి నా చేతిలో పెట్టారు. "బేజారు పడొద్దు. నేనూ వస్తా ఉండు," అన్నారు.

నేనేమీ పిలవలేదు.

రెండు బస్సులు మారి వెళ్ళాలి. మొదటి బస్సు ఎక్కగానే జయమ్మగారు డబ్బా తీసి చిత్రాన్నం ముద్దలు చేసి నిహకు పెట్టడం మొదలుపెట్టారు. అక్కడికి వెళ్ళాక తినొచ్చు కదా అన్నాను. "ఆకలి మీద ఉండే బిడ్డకి పులిని చూపిస్తే ఏం కనపడతాదప్పా?" అన్నారు. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

జూలో నీటిగుర్రం దగ్గర నిహ ఆగిపోయింది. ఆ జంతువు నీళ్ళలో మునిగి ఉంది, ముక్కు రంధ్రాలు తప్ప పైకేమీ కనబడటం లేదు. జయమ్మగారు తువ్వాలు పరుచుకుని చెట్టు నీడలో కూర్చున్నారు. ఇంకా పులులు, సింహాలు, పాములు ఉన్నాయని, సఫారీకి లైను పెరిగిపోతుందని చెప్పాను.

"పులి ఎక్కడికి పోతాది? ఆడే ఉండాది లే. కూచో."

నాకు ఒళ్ళు మండిపోయింది. మొత్తం జూకి టికెట్టు కొన్నది నేను. ఒక జంతువు ముక్కు చూడటానికి కాదు. అయినా కాళ్ళు లాగి కూర్చున్నాను. ఎండ జరిగింది, నీటిగుర్రం జరగలేదు. ఎంతసేపయ్యాకో నిహ వచ్చి నా ఒళ్ళో కూర్చుని, వీపు నాకు ఆనించి, నీళ్ళ వైపే చూస్తూ అడిగింది.

"అమ్మా, దాన్ని ఎవరూ పద పద అనరా?"

నేను జయమ్మగారి వైపు చూశాను. ఇప్పుడు నన్ను ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అంటారనుకున్నాను. అనడానికి అంతకన్నా మంచి సందు ఆవిడకు మళ్ళీ దొరకదు. ఆవిడ మాత్రం వేరుశెనక్కాయలు వలుచుకుంటూ, ఏమీ విననట్టు అటు తిరిగి కూర్చున్నారు.

"అనరు," అన్నాను నిహతో.

అప్పుడు నీటిగుర్రం తల పైకెత్తి నోరు తెరిచింది. నిహ కెవ్వుమని అరిచి నా మెడ పట్టుకుంది. నా దగ్గరే, నా చెవిలోనే నవ్వింది. ఆ రోజు మేము పులిని చూడలేదు. బస్సులో నిద్రపోయిన పిల్లను నేను మోసుకొస్తుంటే జయమ్మగారు గేటు తీసి పట్టుకున్నారు. మళ్ళీ ఆదివారం ఎక్కడికని నిహను అడిగితే నీటిగుర్రం దగ్గరికే అంది. అలా ఎన్ని ఆదివారాలు వెళ్ళామో. చెప్పులు మళ్ళీ కనబడకుండా పోలేదు.

నిహ రెండో తరగతిలో ఉండగా ఆవిడ అత్తిబెలెలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ సంగతి నాకన్నా ముందు నిహకు చెప్పారు. ఇన్నేళ్ళ పక్కింటిదాన్ని, నాకు ముందుగా చెప్పాలి కదా. సామాను ఎక్కించే రోజు ముభావంగానే వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ గమనించారు.

"నీకెప్పుడూ ఎవురో ఒకరి మీద కోపం ఉండాల," అన్నారు. "నా మీద పెట్టుకో. నాకు అలవాటే. బిడ్డల్ని బయటికి తీసుకపోయినప్పుడు మాత్రం ఆ కోపాన్ని ఇంట్లో పెట్టి పో అప్పా."

ఆవిడ చనిపోయిన కబురు నాకు పన్నెండో రోజు దాటాక తెలిసింది. చెల్లెలి వాళ్ళు ఫోను చేయలేదు. చేసి ఉండాల్సింది.

ఇప్పుడు మా బాబుకు మూడేళ్ళు. పోయిన ఆదివారం వాణ్ణి చెరువు దగ్గరి పార్కుకు తీసుకెళ్తుంటే పక్క వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వుతున్న జేసీబీ దగ్గర ఆగిపోయాడు. ఆ తవ్వకం మీద నేను అప్పటికే ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను, పంపడమే మిగిలింది. బాబు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మట్టి పైకి లేవడం చూస్తున్నాడు. ఫుట్‌పాత్ రాయి మీద దుమ్ము దులిపి కూర్చున్నాను. కాసేపటికి వాడు వచ్చి నా ఒళ్ళో చేరాడు. పార్కు గేటు మూసే వేళ దాటిపోయినా ఇద్దరం లేవలేదు.

సోమవారం ఆ ఫిర్యాదు పంపాను. పంపేముందు ఒక వాక్యం మార్చాను. గుంతను వెంటనే పూడ్చమన్న మాట కొట్టేసి, పిల్లలు చూస్తున్నారు, చుట్టూ గట్టి కంచె కట్టండి అని రాశాను.