ఒంటికాలి ఫోర్కు

ముందు చక్రాన్ని ఒక్క కాలితో పట్టుకునే సైకిల్ ఫోర్కును మొదటిసారి ఫోన్‌లో చూసినప్పుడు, ఎవరో ఫొటోను సగం కత్తిరించి పెట్టారనుకున్నాను. ఏ సైకిల్‌కైనా ముందు చక్రానికి అటొక కాలు, ఇటొక కాలు ఉంటాయి. దీనికి ఎడమవైపు ఒక లావుపాటి గొట్టం, అంతే. కుడివైపు గాలి. ఆ గొట్టం లోపలే స్ప్రింగులాంటి ఏర్పాటంతా ఉంటుందట, రాళ్ల మీద వెళ్తే కుదుపంతా అదే మింగేస్తుందట. నలభై ఏళ్లొచ్చినదాన్ని, హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, పొయ్యి మీద బీరకాయ కూర మాడి వాసన వచ్చేదాకా ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నాను.

అంత పిచ్చి ఎందుకంటే నా కుడి మణికట్టులో ఒక స్టీలు ప్లేటు ఉంది. మా అమ్మవాళ్ల ఊరు లింగాల. అక్కడికి పోయినప్పుడల్లా చేలు దాటి, అడవి మొదలయ్యే రాళ్ల దారిలో మౌంటెన్ బైక్ తొక్కడం నాకు అలవాటు. ఒక ఆదివారం ఆ దారిలోనే పడ్డాను. వనపర్తిలో ఆపరేషన్ చేసిన డాక్టరు, "వంకాయలు కొయ్యండి, చాక్‌పీసు పట్టండి, సైకిల్ మాత్రం మరిచిపోండి" అన్నాడు. నేను వింటే కదా! ప్లాస్టర్ తీసిన రెండు నెలలకే ఎక్కాను. ప్రతి రాయీ నేరుగా వచ్చి ఆ ప్లేటుకే తగిలింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు బోర్డు మీద ఎడమ చేత్తో రాశాను, పిల్లలు నా అంకెలు చూసి పడీ పడీ నవ్వారు. నవ్వొద్దని అరిచి, స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఈ ఫోర్కు పని చేస్తే తొక్కుతాను, లేదంటే బండి అమ్మేస్తాను అని ఆ ఫొటో చూసిన రోజే తేల్చుకున్నాను.

హైదరాబాద్‌లో ఒకాయన పాతది అమ్ముతుంటే, చక్రంతో సహా కొన్నాను. "మేడం, ఇది వాళ్ల సొంత ఫ్రేములకే సరిపోతుంది, మీ ఫ్రేము వేరే కంపెనీది" అని ఆయన నిజాయితీగానే చెప్పాడు. నేను చూసుకుంటాలెండి అన్నాను. ఏం చూసుకోవాలో నాకే తెలియదు.

కష్టమంతా ఒక కడ్డీ దగ్గర వచ్చింది. హ్యాండిల్ కింద ఫ్రేముకు ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దానిలోంచి ఒక కడ్డీ దూరి, బేరింగుల మీద తిరుగుతుంది. ఆ కడ్డీని పైనొకటి, కిందొకటి రెండు క్లాంపులు పట్టుకుంటాయి, క్లాంపుల పక్కన ఒంటికాలు వేలాడుతుంది. ఫోర్కుతో వచ్చిన కడ్డీ మరీ లావు, నా ఫ్రేములో దూరనే దూరదు. కొత్తది చేయించాలి. చేయించిన కడ్డీ దారిలో విరిగిందా, హ్యాండిల్ నా చేతిలో ఉంటుంది, చక్రం దాని దారిన అది పోతుంది, నా మొహం రాళ్ల మీద ఉంటుంది. హైదరాబాద్‌లో రెండు పెద్ద దుకాణాలవాళ్లు ఆ మాటే చెప్పి చేతులెత్తేశారు. ఒకడైతే, "ఇంట్లో సార్ లేరా మేడం?" అని అడిగాడు. వాడికి నేనేం జవాబిచ్చానో ఇక్కడ రాయను.

మా వీధి ట్రాక్టర్ మెకానిక్ చెప్పగా పెబ్బేరు వెళ్లాను. పశువుల సంతకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు, అందులో ఇనుము చెక్కే పాత లేత్ మిషన్. దాని యజమాని అరవై దాటిన సాయిబు, భారీ మనిషి. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించే పిన్నులు, బండి ఇరుసులు ఆయన పని. అందరూ చాచా అంటుంటే నేనూ అలాగే పిలిచాను. బస్సులో కండక్టర్ అప్పటికే, "ఇంకో కాలు యాడ పడేసిన్రు మేడం?" అని నవ్వించి ఉన్నాడు కాబట్టి, ఇక్కడా ఎగతాళికి సిద్ధపడే ఫోర్కు బయటికి తీశాను.

చాచా నవ్వలేదు. చేతులు తుడుచుకున్నాడు, అద్దాలు తుడుచుకున్నాడు, పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నొక్కాడు. అది నూనెలో జారినట్టు లోపలికి పోయి, మెల్లగా పైకి వచ్చింది. మళ్లీ నొక్కాడు. "అల్లా!" అన్నాడు.

"ఒక్క కాలు మీద ఆగుతదా చాచా?" అని అడిగాను.

"ట్రాక్టర్ పెద్ద చక్రం ఎన్ని కాళ్ల మీద ఆగుతది టీచరమ్మా? ఒక్క దిక్కే గద పట్టుకుంటది. కారుదీ అంతే. దినాం చూస్తం, సోయి ఉండదు. గీ ముచ్చట సైకిల్‌కు పెట్టినోడు ఎవడో గాని, వానికి సలాం."

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను, ఆ మాట నాకు తట్టలేదు. షెడ్డు ముందు నిలబెట్టి ఉన్న ట్రాక్టర్ వంక వెర్రిదానిలా చూశాను. నిజమే. అంత చక్రం, అంత బరువు, ఒక పక్కనే పట్టు.

ఆ అబ్బురం అయిదు నిమిషాల్లో కోపంగా మారింది. ఇంటర్నెట్‌లో వెతికి, కొలతలన్నీ నీటుగా రాసి తెచ్చిన కాగితం ఇస్తే చాచా దాన్ని మడిచి నాకే ఇచ్చాడు.

"కాయితం మీద నేను పని చెయ్య. సైకిల్ తెండి."

"కొలతలు కరెక్టుగ ఉన్నయి చాచా. నేను లెక్కల టీచర్ని."

"ఉండొచ్చు. ఇరుసు చెయ్యాల్నంటే బండి నా ముంగట ఉండాలె."

గొణుక్కుంటూ వెనక్కి పోయాను. మరుసటి ఆదివారం పాత ఫోర్కు విప్పిన సైకిల్‌ను, ఒంటికాలిని, దాని చక్రాన్ని బస్సు వెనక సీటులో పడుకోబెట్టి తెచ్చాను. చాచా కొలిచే వెర్నియర్ తియ్యకముందే ఆ పొట్టి గొట్టం పై చివర ఒక వేలు, కింది చివర ఒక వేలు పెట్టి తిప్పాడు. "పైన ఒక సైజు, కింద ఒక సైజు ఉంది టీచరమ్మా. మీ కాయితంల ఒక్కటే రాసిన్రు" అన్నాడు. వంగి చూశాను. కింది బేరింగు పైదానికంటే పెద్దది. మూడేళ్లుగా నా కాళ్ల మధ్య ఉన్న బండి అది. కాగితం మీద నమ్మకంతో కడ్డీ చేయించి ఉంటే కింద వదులుగా ఊగి, ఏదో ఒక రోజు పుటుక్కుమనేది. సిగ్గుతో నా కాగితాన్ని సంచి అడుక్కి తోసేశాను. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, అందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కడ్డీని ఆ రోజే మొదలుపెట్టాడు. మందమైన స్టీలు రాడ్డు లేత్ మీద తిరుగుతుంటే, వెండి రంగు పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా కిందపడింది. ప్రతి రెండు నిమిషాలకూ మిషన్ ఆపి కొలిచేవాడు. చివరికి వచ్చేసరికి కొలిచినన్నిసార్లు కోయడం లేదు. కింది క్లాంపులోకి దూరనంత బిగువుగా దాన్ని కావాలనే ఉంచాడు. ఇక సుత్తితో కొడతాడేమో అనుకున్నాను.

సుత్తి ముట్టలేదు. కడ్డీని సోడా బండి నుంచి తెప్పించిన ఐసులో పూడ్చిపెట్టాడు. క్లాంపును ఇంట్లోకి పంపాడు. షెడ్డు వెనకే ఇల్లు. చాచీ దాన్ని పెద్ద గిన్నెలో మరిగే నీళ్లలో వేసి, "ఇరవై ఏండ్ల సంది నా గిన్నెలన్నీ గీ ఇనుప ముక్కలకే పాయె" అని తిట్టుకుంటూ పొగలు కక్కుతున్నదాన్ని పట్టకారుతో తెచ్చింది. వేడికి క్లాంపు సాగింది, చలికి కడ్డీ ముడుచుకుంది. చాచా రెండు వేళ్లతో కడ్డీని నిలబెట్టి వదిలాడు. చప్పుడు లేకుండా జారి, కుదురుకుంది. నాలుగు లెక్కపెట్టేలోపు రెండూ ఒకే లోహమైపోయాయి. ఆయన దాన్ని పట్టుకుని గోడకేసి కొట్టి చూపించాడు, కదల్లేదు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే పద్ధతే ఇది, చిన్నప్పుడు లింగాలలో ఎన్నోసార్లు చూశాను. అయినా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

సాయంత్రానికి బండి నిలబడింది. కుడివైపు నుంచి చూస్తే చక్రం దేనికీ తగలకుండా గాలిలో ఉన్నట్టుంది. దారిన పోయే రైతులు ఆగి, వంగి, అటూ ఇటూ తిరిగి చూశారు. ఆగలేక హ్యాండిల్ మీద చెయ్యి వేశాను.

చాచా నా చెయ్యి తీసేశాడు. "జర ఆగు బిడ్డా" అని లుంగీ పైకి కట్టి తనే ఎక్కాడు.

కాలువ కట్ట మీద రాళ్లున్న చోటే ఏరుకుని మరీ తొక్కాడు. తూము గట్టు మీంచి దభీమని దూకించాడు. వెనక్కి తిరిగి మళ్లీ దూకించాడు. మూడోసారీ దూకించాడు. అంత బరువూ ఆ కొత్త కడ్డీ మీద పడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ముసలితనంలో ఇదేం సరదా! "చాచా, నా బండి!" అని కేకలు పెట్టాను.

పక్కనే నిలబడ్డ చాచీ నా భుజం పట్టుకుంది. ఆమె కళ్లు కట్ట మీదే ఉన్నాయి.

"అరవకు బిడ్డా. ట్రాలీ పిన్ను చేస్తే మొదటి లోడు మీద ఆయనే ఎక్కి కూసుంటడు. ఎవలు చెప్పినా ఇనడు. ఇరిగేదుంటే నా కిందనే ఇరగాలె అంటడు."

నేనూ కట్ట వైపే చూశాను. ఆయన తిరిగొచ్చి దిగి, ఎక్కడైనా పగిలిందేమోనని క్లాంపుల చుట్టూ వేలితో తడిమాడు. ఆ తర్వాతే చెమట పట్టిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తనకెంత భయమేసిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. ఒక ముక్కూమొహం తెలియని టీచరు మొహం రాళ్ల మీద పడకూడదని, ఆ వయసులో తన మొహం అడ్డం పెట్టాడు. ఇంత మనిషిని ఎదురుగా పెట్టుకుని ఒంటికాలిని చూసి అబ్బురపడుతున్నానా అనిపించింది.

"ఇగ ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. ఆయన తొక్కిన రాళ్ల మీదే తొక్కాను. కింద చక్రం ఎగిరిపడుతున్నట్టు కళ్లకు కనిపిస్తోంది, పైకి మాత్రం కుదుపేమీ రావడం లేదు. తూము దాటాను, తుమ్మచెట్లు దాటాను, పొద్దు వాలుతున్న పొలాలు రెండు పక్కలా పోతున్నాయి, నేను పెద్దగా నవ్వుతున్నాను. చాలా దూరం పోయాక గుర్తొచ్చి వెనక్కి తిప్పాను.

చాచా కట్ట మీదే, నన్ను వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. "చెయ్యెట్లుంది బిడ్డా?" అని అడిగాడు.

ఆయన అడిగేదాకా నాకు చెయ్యి సంగతే గుర్తులేదు.