బస్సు వెనక స్పోర్ట్స్ బండి

నలభై అయిదేళ్ళ లెక్కల మాస్టారు స్పోర్ట్స్ బండి కొనుక్కోకూడదని ఎక్కడా రాసి లేదు. ఉంటే నేను కొనేవాణ్ణి కాదు, రూలు తప్పే మనిషిని కాను. ఎర్రటి బండి. ట్యాంకు ఎద్దు మూపురంలా పైకి లేచి ఉంటుంది. హ్యాండిల్ ఎక్కడో కిందుంటుంది కాబట్టి దాన్ని అందుకోవాలంటే ట్యాంకు మీదికి వాలిపోవాలి. మొదటిరోజు ఉదయగిరి బజారులో అలా వాలిపోయి వెళ్తుంటే, మా స్కూలు తెలుగు మాస్టారు టీ బంకు దగ్గర నిలబడి, "మన లెక్కలాయన కొండకు దండం పెట్టుకుంటా పోతా ఉండాడు" అన్నాడట. మధ్యాహ్నానికల్లా ఆ మాట స్టాఫ్ రూమంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. అననీ. పుట్టినప్పటి నుంచీ ఊరి పక్కన చూస్తున్న కొండే, దండం పెడితే తప్పేముంది?

కొనే ముందు మా ఆవిడను అడిగాను. అడగకుండా కొన్నానని తర్వాత మా అమ్మ ప్రచారం చేసింది గానీ, అది అబద్ధం. అడిగాను. "నీ ఇష్టం" అంది. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి కూడా ఆ మాటకు అర్థం తెలియని మొద్దును నేను. నిజంగానే నా ఇష్టమనుకుని, పెళ్ళైన ఏడాది కొన్న పాత బండిని షోరూములో వదిలేసి కొత్తదాంతో ఇంటికొచ్చాను.

మా ఆవిడ చెక్క గరిటెలు చెక్కుతుంది. మా ఊళ్ళో అది వింతేమీ కాదు. మా కొండ మీద దొరికే నర్ది చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేసి, పిడి మీద ఆకో చేపో చెక్కుతుంది. ఆదివారం ఆదివారం ఆ వారం చేసిన సరుకు సంచిలో వేసుకుని ఆత్మకూరు వెళ్ళి, బస్టాండు దగ్గర ఒక దుకాణంలో ఇచ్చి రావాలి. గంటన్నర దారి. పాత బండి మీద నా వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసేది. ఒకసారి తడితే నెమ్మదిగా పొమ్మని. రెండుసార్లు తడితే ఆపమని. సరుకు ఇచ్చేశాక మిరపకాయ బజ్జీలు తిని, కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళలో ఆ ఆదివారం తప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కొత్త బండితో మొదటి ఆదివారం వచ్చింది. దాని వెనక సీటు చపాతీ పీటంత ఉంటుంది. అదీ చదునుగా ఉండదు, నా సీటుకంటే జానెడు ఎత్తున ఉండి ముందుకు వాలి ఉంటుంది. మా ఆవిడ దాన్ని కాసేపు చూసింది. నా భుజం పట్టుకుని, మెట్టు ఎక్కినట్టు ఎక్కి, ఎలాగో ఒక పక్కకు కూర్చుంది. బజారు దాకా బాగానే వచ్చాం. అక్కడ ఒక మేక అడ్డం వచ్చింది. నేను బ్రేకు వేశాను. కొత్త బ్రేకులు, చెయ్యి తాకితే చాలు పట్టేస్తాయి. మా ఆవిడ జారి నా వీపు మీద పడింది, ఆమె ఒళ్ళో సంచి నా తల మీద నుంచి ట్యాంకు మీద పడింది, గరిటెలన్నీ నడి బజారులో పడ్డాయి. మేక మాత్రం కదల్లేదు.

నలుగురూ కలిసి గరిటెలు ఏరి ఇచ్చారు. మళ్ళీ బయల్దేరి పది గజాలు పోయామో లేదో భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆపాను. దిగింది. చీర సర్దుకుంది.

"నన్ను దించేసేదానికే కొన్నావు గదయ్యా ఈ బండిని. ఇంక నువ్వు పో" అంది.

ఎదురుగా ఆత్మకూరు బస్సు నిలబడి ఉంది. సంచి తీసుకుని వెళ్ళి ఎక్కేసింది.

నేనేం చేయాలి? ఇంటికి పోతే మా అమ్మ ఊరుకోదు. ముందు పోతే ఆమెను వదిలేసి పోయినట్టుంటుంది. కాబట్టి బస్సు వెనకే పోయాను. పిలక పట్టుకుని లాగినట్టు ముందుకు దూకే బండి అది. దాన్ని నలభై దాటనీయకుండా, బస్సు పొగ పీలుస్తూ, ఊరూరా అది ఆగినప్పుడల్లా నేనూ కాలు దించి ఆగుతూ పోయాను. మా ఆవిడ చివరి వరసలో కూర్చుంది. వెనక అద్దంలోంచి ఒక్కసారి నన్ను చూసి, తల తిప్పుకుంది. ఆత్మకూరులో బజ్జీలు తిన్నాం, బజ్జీల బండికి ఈ పక్క నేను, ఆ పక్క ఆమె. తిరుగు ప్రయాణం కూడా అంతే, ముందు బస్సు, వెనక నేను.

ఆ తర్వాతి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. బస్సులో వాళ్ళకు నేను అలవాటైపోయాను. ఒకరోజు పెట్రోలు పోయించుకుని కాస్త వెనకబడితే, కండక్టరు తల బయటికి పెట్టి వెతికాడట. నా బాధ అది కాదు. ఊరు నవ్వితే నవ్వనీ, ఆదివారం నా వెనక సీటు ఖాళీగా ఉండటం నాకు నచ్చలేదు. వీపు మీద గాలి తగులుతుంటే ఏదో మరిచిపోయి వచ్చినట్టుండేది. ఆమెను మళ్ళీ ఆ సీటు మీద కూర్చోబెట్టాలి. అందుకు ఎంతకైనా తెగించాను.

ఆత్మకూరులో బండి సామాన్లు అమ్మే కొట్టు ఒకటి ఉంది. మా ఆవిడ సరుకు ఇస్తుండగా నేను అక్కడికి పోయేవాణ్ణి. మొదట నాకే కొన్నాను, ఒప్పుకుంటాను. చేతి తొడుగులు, మోచేతులకు దిళ్ళున్న జాకెట్టు, గడ్డం దాకా మొత్తం మూసేసే హెల్మెట్. పాత బండి మీద చెవులు బయటికి కనిపించే చిన్న టోపీలాంటిది పెట్టుకునేవాణ్ణి. దీనికీ దానికీ పోలికే లేదు. అద్దం దించితే లోకం నోరు మూసుకుంటుంది. దుమ్ము లేదు, హారన్ల గోల లేదు. దాంతో ఇంట్లో అడుగు పెడితే మా అమ్మ దొంగనుకుని చీపురు తీసింది.

తర్వాత ఆమె కోసం మొదలుపెట్టాను. చీర గార్డు కావాలన్నాను. కొట్టాయన నవ్వాడు. ఈ బండికి చీర గార్డు అడిగినవాడు ఇంతవరకూ లేడన్నాడు. కంపెనీ వాళ్ళు చేయరట. వెల్డింగ్ చేయించాను. ఎర్రటి స్పోర్ట్స్ బండికి పక్కన కిటికీ ఊచలు వేలాడదీసినట్టు తయారైంది. అయినా ఆ ఆదివారం మా ఆవిడ బస్సే ఎక్కింది. పై వారం కాళ్ళు పెట్టుకునే పలక వేయించాను. బస్సు ఎక్కింది. పట్టుకోవడానికి కడ్డీ, వీపుకు ఆనుకునే దిండు, స్పాంజి సీటు కవరు, వారానికొకటి. వారానికొకసారి ఆమె బస్సు ఎక్కింది. మధ్యలో మా అమ్మ దిష్టి తగులుతోందని హెడ్‌లైటుకు నిమ్మకాయలు, నల్లతాడు కట్టింది. ఇంటర్ చదువుతున్న మా పాప బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నాయనా, ఇంకొక్క చక్రం పెట్టిస్తే ఆటో అయిపోతాది" అంది.

ఆ రోజుల్లోనే మా ఆవిడ ఒకటి రెండుసార్లు వంటింటి గుమ్మంలో నిలబడి, పాప సంగతి మాట్లాడాలి అంది. మాట్లాడదాం అన్నాను. మా ఇంట్లో మాట్లాడటం అంత తేలిక కాదు. అమ్మకు చెవుడు, కాబట్టి టీవీ వీధి చివరికి వినబడుతుంది. హాల్లో నా ట్యూషన్ పిల్లలు ఎక్కాలు అరుస్తుంటారు. అదీ కాక నా బుర్ర నిండా వెనక సీటే ఉంది. దానికి ఇంకా ఏం తగిలించొచ్చా అని ఆలోచిస్తూ సరే సరే అనేసేవాణ్ణి.

ఎనిమిదో ఆదివారం బస్సు సగం దారిలో, ఒక చెరువు కట్ట మీద ఆగిపోయింది. ముందు నుంచి పొగ. వేరే బస్సు రావాలంటే గంట పడుతుందన్నారు. అందరూ దిగారు. మా ఆవిడ సంచితో దిగి, నన్ను చూడకుండా చెరువు వైపు తిరిగి నిలబడింది. నేను బండి దిగకుండా అటే చూస్తున్నాను. కండక్టరుకు ఓపిక నశించింది.

"అమ్మా, మాస్టారు ఎనిమిది వారాల్నుంచి మా ఎనకే వస్తా ఉండాడు. నువ్వు ఎక్కకపోతే ఈరోజు నేనెక్కతా ఆ బండి" అన్నాడు.

బస్సులో జనమంతా ఆయన పక్షమే. ఒక ముసలావిడ మా ఆవిడ చేతిలో సంచి లాక్కుని నా వెనక పెట్టేసింది. తప్పదన్నట్టు ఎక్కింది. సంచి మా ఇద్దరికీ మధ్య గోడలా ఉంది. అయినా నాకెంత సంతోషమంటే, బండి ముప్పై దాటనిస్తే ఒట్టు. బ్రేకు జోలికే పోలేదు. చీర గార్డు టకటకలాడుతోంది, నిమ్మకాయలు ఊగుతున్నాయి. కాసేపటికి ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. గెలిచానురా అనుకున్నాను.

ఇంకాసేపటికి హెల్మెట్ బయట ఏదో గొణుగుడు. సీసాలో ఈగ తిరిగినట్టు. మా ఆవిడ మాట్లాడుతోంది! ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆగి అడిగితే ఉన్న మంచి కూడా చెడుతుందేమోనని, సందు దొరికినప్పుడల్లా తల ఊపాను. పావుగంట అలా ఊపాను. అప్పుడు భుజం మీద రెండుసార్లు తట్టింది.

ఆపి హెల్మెట్ తీశాను. ఆమె దిగి నా ముందుకొచ్చింది. మొహంలో కోపం లేదు, ఎప్పటి మొహమే.

"అయితే అన్నిటికీ సరేనంటావు" అంది.

"దేనికి?" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆ మొహం ఎలా మారిందో ఇప్పటికీ గుర్తుంది.

"పాపను నెల్లూరు హాస్టల్లో ఏసేదానికి తలూపినావు. మీ అమ్మను చెవి డాక్టరుకు చూపించేదానికి తలూపినావు. ఈ బండి అమ్మేద్దామా అంటే దానికీ ఊపినావు. ఒక్కటీ వినలేదా?"

హెల్మెట్లో వినబడదని చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది. ఆమె పక్కనున్న కల్వర్టు గోడ మీద కూర్చుంది.

"ఇంట్లో టీవీ, ట్యూషను. మనం మాట్లాడుకునింది ఎప్పుడయ్యా? ఈ దారెంబడే గదా. పాపకు పేరు అనుకునింది ఈ దార్లోనే. ఇల్లు కట్టాలనుకునింది ఈ దార్లోనే. మా నాయన పోయిన ఏడాదంతా నేను ఏడ్చింది నీ ఈపు మీద తలబెట్టి, ఈ దార్లోనే. నువ్వు ఆ కుండ నెత్తిన బోర్లించుకుంటే నేను ఎవురితో చెప్పుకోవాల?"

లెక్కలు చెప్పేవాణ్ణి, ఎనిమిది వారాలు ఒకే లెక్కను తప్పుగా చేస్తూ వచ్చాను. సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలని, మరి సీటు సంగతి అన్నాను.

"సీటుదేముంది, నాలుగు రోజుల్లో చెక్కేస్తా. చుడీదార్ ఏసుకుని కూర్చుంటా. ఆ కిటికీ ఊచలు పెట్టమని నేను అడిగినానా?"

అడగలేదు. ఆమె చుడీదార్ వేసుకుంటుందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. గరిటెలు చెక్కేటప్పుడు రోజూ వేసుకునేది అదే.

హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని, పాప సంగతి మొదట్నుంచి చెప్పించుకుంటూ ఆత్మకూరు చేరాను. హాస్టలుకు ఈసారి విని ఒప్పుకున్నాను. అమ్మ చెవికీ ఒప్పుకున్నాను. బండి అమ్మడం గురించి ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

కొట్టాయన దగ్గర చీర గార్డూ, పలకా, దిండూ అన్నీ ఊడదీయించాను. రెండు హెల్మెట్లకు తగిలించి, ఒకరి మాట ఒకరు వినే పరికరం ఉందన్నాడు. దూరం పోయే కుర్రజంటలు కొంటారట. ఇవ్వమన్నాను. ఇంకో హెల్మెట్ ఏదీ అన్నాడు. అప్పుడు తెలిసింది. ఈ బండికి ఇన్ని తగిలించాను, ఆమె తలకు ఒక హెల్మెట్ కొనాలని ఒక్కసారి తోచలేదు. నా ఒక్క తలకే కొనుక్కున్నాను. నా పక్కనే ఉన్న మా ఆవిడ ఎర్ర రంగుది ఏరుకుంది. కొట్టాయన పరికరం బిగించి, ఇది మాట్లాడే బటన్, ఇది సౌండు తగ్గించే బటన్ అని చూపించాడు. రెండోది ఎక్కడుందో నేను సరిగా చూడలేదు.

ఆ వారం ఆమె నర్ది చెక్కను ఏటవాలుగా కోసి, సీటు వాలు చదునయ్యేలా ఒక దిమ్మె చేసింది. మీద స్పాంజి వేసి రెక్సిన్ కుట్టింది. కిందికి పోయే అంచు మీద, ఎవరికీ కనబడని చోట, ఒక చేపను చెక్కింది. ఎందుకంటే అలవాటు అంది.

ఆదివారం బయల్దేరాం. ఆమె అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, ఇద్దరు దొంగలని ఎదురింటావిడకు చెప్పింది. బజారులో బస్సు నిలబడి ఉంది. కండక్టరు మమ్మల్ని చూసి చేతులెత్తి దండం పెట్టాడు. బస్సును దాటి ముందుకు పోయాను, రెండు నెలల్లో మొదటిసారి. ఊరి చివరి ఇళ్ళు దాటాక హెల్మెట్లో కిర్రుమంది, తర్వాత చెవిలోనే కూర్చున్నట్టు ఆమె గొంతు.

"ఉండావా?"

"ఉండా."

సరే విను అని మొదలుపెట్టింది. ఆత్మకూరు ఇంకా గంటన్నర ఉంది.