ఇప్పపూల కింద నలుపు

జగదల్‌పూర్‌లో బొమ్మల పోటీకి నేను వేసిన నీటిరంగుల బొమ్మను చుట్టి, బస్సెక్కి ఒళ్లో పెట్టుకున్నాను. దోర్నపాల్ దాటగానే తనిఖీకి ఆపారు. ఒక జవాను బొమ్మ విప్పాడు. నేలంతా నలుపు, దాని మీద రాలిన ఇప్పపూలు. ఆ లేత పసుపు కుదరడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను.

“ఎవరి ఇల్లు తగలబడింది ఇక్కడ?” అన్నాడు హిందీలో.

ఊళ్లు తగలబడుతున్న ఆ రోజుల్లో, ఆ రోడ్డు మీద, అది తెలివితక్కువ ప్రశ్న కాదు. పక్కసీటు ముసలమ్మ తన బుట్టలోంచి గుప్పెడు ఇప్పపూలు తీసి చూపించింది.

“పువ్వు ఏరేటందుకు చెట్టు కింద ఆకులు కాలబెడ్తం. ఆయనకు చెప్పు బిడ్డా.”

హిందీలో చెప్పాను. అతను నమ్మాడో లేదో తెలియలేదు. చెమట పట్టిన బొటనవేలితో బొమ్మలోని నేలను రుద్ది చూశాడు. నలుపు కరిగి పూల మీదికి పాకింది. బొమ్మ చుట్టి నా ఒళ్లో పడేసి దిగిపోయాడు.

పోటీలో నాకు బహుమతి వచ్చింది. పూల మీద పొగ చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నారు. నేను పొగ వెయ్యలేదు.