మేకకు చూపించని కత్తి

"నీళ్లు తాగుతావా ఆపా?" అని అడిగాను.

"నువ్వు తాగు. ఎండలో బస్సెక్కాలిగా," అంది.

ఖైరూన్ ఆపాకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆ మాట అని ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను చెంబు మీద మూత పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే పోయిందని కబురు వచ్చింది. రెండేళ్లయింది. ఇవాళ మా వీధిలోకి సాన పట్టేవాడు వచ్చాడు. సైకిలుకు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ ఎవరిదో కత్తిపీటకు సాన పట్టాడు. ఇనుము రాపిడికి గీరుమన్న శబ్దం, కాలినట్టుండే ఆ వాసన తగలగానే చేతిలో చీపురు వదిలేసి గడప మీద కూర్చుండిపోయాను. ఆమెను గురించి చెప్పాలనిపించింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఇంట్లో మనిషి రాస్తోంది.

తెనాలిలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. మార్కెట్టు వెనక సందులో మాంసం కొట్టు ఆమెది. పక్షవాతం వచ్చి భర్త మంచాన పడితే, ఆయన కూర్చున్న చోట ఆమె కూర్చుంది. ఆడమనిషి కోత కోయడమేంటని మొదట్లో కొందరు మొహం తిప్పుకున్నారట. ఆమె మసీదులో పెద్దాయన్ని అడిగించి, తప్పులేదన్నారు, ఇష్టమైనవాళ్లు కొనుక్కోండి, కానివాళ్లు వంకాయలు తినండి అందట. మనిషి పొడగరి. ముంజేతులు మోకులు పేనినట్టు ఉండేవి. మాట తక్కువ. వయసులో ఉన్నప్పుడు ఒకడిని కోసి కాలవలో పడేసిందని ఊళ్లో ఒక పుకారు ఉండేది. ఆ పుకారు వినే నేను ఆమె దగ్గరికి వెళ్లాను.

మాది సంగం జాగర్లమూడి. కూలి చేసుకునేవాళ్లం, లూథరన్ చర్చికి వెళ్లేవాళ్లం. పెళ్లయిన మూడో ఏడు నా భర్తను చేలో పాము కరిచింది. పుట్టింటికి వచ్చేశాను. అమ్మ, నేను, చెల్లెలు రూతు, అంతే మా ఇల్లు. ఇంట్లో పదో తరగతి దాకా చదివింది రూతు ఒక్కతే. పందొమ్మిదేళ్లప్పుడు రేపల్లె అవతల రొయ్యలు వలిచే షెడ్డులో పనికి వెళ్లింది. ఆడపిల్లల్ని అక్కడ పనిలో పెట్టే మేస్త్రీ ఒకడున్నాడు. వాడి పేరు నా నోటితో చెప్పను. చాలా మంచివాడక్కా అని మొదట్లో రూతే చెప్పింది. ఆకలితో వచ్చిన పిల్లకు టిఫిన్ తెప్పిస్తాడట, తల్లీ అని తప్ప పిలవడట. నాలుగు నెలలకు రూతు ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. వాడు ఏం చేశాడో అమ్మకు ఒక్కసారి చెప్పింది. తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దలు కూర్చున్నారు. బయటపడితే పిల్లకు పెళ్లి కాదు, నోరు మూసుకోండని తేల్చారు. వాడు మామూలుగా పనికి వెళ్లాడు. కొత్త పిల్లల్ని తెచ్చుకున్నాడు.

కొడవలి పట్టుకుని ఒకసారి రైలు స్టేషను దాకా వెళ్లాను. రైలెక్కలేక వెనక్కి వచ్చాను. అప్పుడే ఆపా కొట్టు ముందు నిలబడ్డాను. ఒక మనిషిని చంపాలి, నేర్పుతావా అని అడిగాను. మాంసం కొట్టడం ఆపకుండానే ఎవరినంది. రూతు సంగతి అంతా చెప్పాను. మొద్దు మీద ముక్కలన్నీ పక్కకు నెట్టి, అప్పుడు తలెత్తింది.

"నేర్పుతాను. ఏడాది పడుతుంది. ఏడాది లోపల వెళ్తే నా కత్తి తీసుకుపోకు," అంది.

కొట్టు వెనకే ఉండిపోయాను. మొదటి మూడు నెలలు నా చేతికి కత్తే ఇవ్వలేదు. నాతో మేకలకు నీళ్లు పట్టించింది. కోతకు ముందు జీవానికి నీళ్లు పెట్టడం వాళ్ల ఆచారం. దాహంతో పోకూడదట. నేను గబగబా బక్కెట పెట్టి వచ్చేస్తే, అది తాగిందా లేదా చూడకుండా వచ్చావేంటి అని మళ్లీ పంపేది. మెడ మీద చెయ్యి వేసి, అది తల దించి తాగేదాకా నిలబడాలి. ఒకరోజు నాకు విసుగొచ్చి, నేను వచ్చింది మేకల్ని పెంచడానికి కాదన్నాను. "మేక పొడిస్తేనే గోడెక్కుతున్నావు, మేస్త్రీని ఏం చేస్తావే?" అని నవ్వింది. సందులో అందరూ నవ్వారు.

తర్వాత కత్తి వచ్చింది. గోడ అవతల కూర్చుని సాన పట్టేవాళ్లం. జీవం ఎదుట కత్తి నూరకూడదు. దానికి కత్తి కనపడనే కూడదు. ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయకూడదు. ఒకసారి మరిచిపోయి, కత్తి ఊపుకుంటూ మేకల ముందు నుంచి నడిచాను. ఆమె లేచి వచ్చి నా చెయ్యి వెనక్కి విరిచి, నీకు చావు చూపించి ఆ తర్వాత అన్నం పెడితే తింటావా అని అడిగింది. జీవం భయంతో పోతే ఆ పాపం కోసిన చేతిదని ఆమె నమ్మకం. అంతమందికి మాంసం అమ్మిన మనిషి, ఒక్క జీవాన్ని కూడా భయపెట్టి కోయలేదు. ఎక్కడ పట్టుకోవాలో, నరం ఎక్కడుంటుందో, ఎంత బరువుతో, ఎంత వేగంగా లాగాలో అన్నీ చెప్పింది. కొట్టులో కోత మాత్రం తనదే. కాళ్లు పట్టడం, తోలు ఒలవడం, కొట్టడం నావి.

క్రిస్మస్‌కి ఒక మేకపోతుపిల్లను నా ముందు కట్టేసి, ఇది మీ పండక్కి, నువ్వే కొయ్యి అంది. నీళ్లు పట్టాను. మెడ నిమిరాను. కత్తి వెనక దాచి, ఎడమచేత్తో గడ్డం ఎత్తాను. అది నా మోచేతికి తల ఆనించింది. ఒక్క లాగుతో పోయింది. ఆపా నా చేతిలోంచి కత్తి తీసుకుంది.

"బాగా చేశావు. అది నిన్ను నమ్మి పోయింది. మేస్త్రీ దగ్గర కూడా ఇంతే. నవ్వాలి, నమ్మించాలి, దగ్గరికి రానివ్వాలి. చెయ్యగలవా?"

"చెయ్యగలను," అన్నాను.

"చెయ్యగలవు. అదే నా భయం," అని లోపలికి వెళ్లిపోయింది.

పదో నెలలో అమ్మ కబురు పంపింది. మేస్త్రీ మా పేటకు వచ్చాడట. రూతుతో కలిసి సండే స్కూలుకు వెళ్లిన ఇద్దరు పిల్లల్ని పనికి మాట్లాడుకున్నాడట. సోమవారం చేరాలట. నేను ఆగలేకపోయాను. సోమవారం పొద్దున ఆపా రాకముందే కొట్టులో కత్తి తీసి సంచిలో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. ఆమె మాట మీరానని దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

షెడ్డు గేటు పక్కన టీ బంకు. బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఎరగడు. పని కావాలి బాబాయ్ అన్నాను. నవ్వాను కూడా. కుడిచెయ్యి సంచిలో కత్తి పిడి మీద ఉంది. వాడు జరిగి చోటు ఇచ్చాడు. కుండలో నుంచి గ్లాసుతో నీళ్లు ముంచి నాకు అందించాడు.

"ముందు నీళ్లు తాగు తల్లీ. ఎండన పడొచ్చావు," అన్నాడు.

ఆ గ్లాసు వంక చూశాను. ఆ చెయ్యి ఎంత నిదానంగా ఉందో చూశాను. పది నెలల నుంచి నేను రోజూ చేస్తున్నదే వాడు నాకు చేస్తున్నాడు. నీళ్లిచ్చి, నిమిరి, తల దించేదాకా ఆగి. రూతుకు కూడా ఇలాగే ఇచ్చి ఉంటాడు. నేను నేర్చుకున్న పనితనం వాడికి నాకంటే బాగా వచ్చు. అలా వాడిని చంపితే వాడి పద్ధతిలోనే చంపినట్టు. నీళ్లు నేల మీద పారబోసి, కత్తి బయటికి తీసి బల్ల మీద పెట్టాను. వాడికి, వాడి కళ్లకు కనపడేలా.

"నేను రూతు అక్కని," అన్నాను.

వాడు బల్ల మీద నుంచి వెనక్కి పడ్డాడు. పనికి వెళ్తున్న ఆడవాళ్లు గేటు దగ్గర ఆగిపోయారు. వాడు రూతుకు ఏం చేశాడో ఆ నడిరోడ్డు మీద, ఒక్క మాట దాచకుండా చెప్పాను. మా పేట పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. ఒక పెద్దామె క్యారేజీ కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. వాడు లేచి, పిచ్చిదాన్ని తోలేయండర్రా అంటూ షెడ్డులోకి పోయాడు. నేను ఆ పిల్లలిద్దరి చేతులు పట్టుకుని రైలెక్కాను.

తిరిగొచ్చేసరికి ఆపా కొట్టు తెరవలేదు. మెట్టు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. కత్తి తీసుకుని వేలితో తడిమి, చంపలేదుగా అంది. జరిగింది చెప్పాను. వాడే నాకు నీళ్లిచ్చాడన్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది.

"శుక్రవారం నమాజయ్యాక వెళ్దాం. ఇద్దరం. కత్తి దాచొద్దు," అంది.

ప్రతి శుక్రవారం వెళ్లాం. షెడ్డు ఎదురుగా బస్సు ఆగే చోట గోనెపట్టా పరిచి, సానరాయి పెట్టుకుని ఆమె కత్తి నూరేది. అంతే. ఎవరినీ ఏమీ అనేది కాదు. జీవం ఎదుట ఎప్పుడూ నూరని మనిషి, వాడి కళ్ల ఎదుట గంటల తరబడి నూరింది. వాడు వేరే గేటు నుంచి రావడం మొదలుపెట్టాడు. మూడో వారం ఒకామె ఇంట్లోంచి కత్తిపీట తెచ్చింది, పదును పెడతావా అమ్మా అని. ఆ తర్వాత ఇంకొకామె. ఆపా మెల్లగా నూరేది. ఎంత మెల్లగా అంటే, ఎదురుగా కూర్చున్న ఆడమనిషి కడుపులోది చెప్పుకోవడానికి సరిపోయేంత. విన్నదాన్ని ఆమె ఒక్కరికీ మోయలేదు. నీలాగే ఇంకొకామె ఉంది, మాట్లాడతావా అని మాత్రం అడిగేది. వాళ్లను వాళ్లే కలుసుకున్నారు.

ఇంటికి వెళ్లి ఈ సంగతి రూతుకు చెప్పాను. షెడ్డులో ఆడవాళ్లు నోరు విప్పుతున్నారే అన్నాను. గోడవైపున్న మనిషి ఇటు తిరిగింది. "ఎవరెవరు?" అంది. ఏడాదికి పైగా అయింది ఆ గొంతు విని.

అందరూ కలిసి బాపట్లలో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లారు. కేసు నడిచింది, చాలాకాలం నడిచింది. వాడి తరఫువాళ్లు బెదిరించారు, బతిమాలారు. ఇద్దరు భయపడి వెనక్కి తగ్గారు. వాళ్లనూ ఆపా ఒక్క మాట అననివ్వలేదు. కోర్టులో మొదట చెప్పింది రూతు. ఆ రోజు ఆపా కత్తి ఇంట్లో పెట్టి వచ్చింది. ఉత్త చేతులు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. వాడికి జైలుశిక్ష పడింది.

తర్వాత ఒకరోజు తోలు ఒలుస్తూ అడిగాను, కాలవలో పడేసిన మనిషి సంగతి నిజమేనా అని. ఆ పుకారు తనే పుట్టించానని చెప్పింది. "మొగుడు మంచాన పడ్డదాని కొట్టు ముందు ఎలాంటివాళ్లు నిలబడతారో నీకు తెలీదా? ఆ మాట పుట్టాక ఒక్కడూ నిలబడలేదు," అంది. ఏడాది అయ్యాక నన్ను నిజంగా పంపేదానివా అని కూడా అడిగాను. ఏమో, నువ్వు ముందే వెళ్లావుగా అంది. అంతకు మించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

చంపేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ కొన్ని రోజులు అనిపిస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. రూతు నిద్రలో ఉలిక్కిపడ్డప్పుడల్లా అనిపిస్తుంది. కానీ చంపి ఉంటే ఆ షెడ్డులో మిగతావాళ్లు ఇంకా నోరు మూసుకునే ఉండేవాళ్లు. నాకిప్పుడు చిన్న కోళ్ల కొట్టు ఉంది. కోడి ఎదుట కత్తి తీయను. ఎవరైనా ఆడపిల్లకు మరీ ప్రేమగా పెడుతుంటే, పెట్టినదాన్ని కాదు, పెట్టే చేతిని చూస్తాను. ఆ చూపు నాకు ఆమె ఇచ్చింది. కొట్టు దగ్గరికి వచ్చే ఆడపిల్లలకు అదే చెబుతాను.

ఇది అచ్చులోకి వెళ్తుందంటే, రూతు పేరు మార్చి రాద్దామన్నాను. రాస్తున్న మనిషి పెన్ను ఆపింది. "ఎందుకక్కా? సిగ్గుపడాల్సింది నేను కాదుగా," అంది. రాస్తున్నది రూతే. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఒక్క మాట వదల్లేదంటోంది. ఏదీ, మొదటి నుంచి చదువు రూతూ. గొంతు తగ్గించకు. ఆ తలుపు కూడా తీసే ఉంచు.