ముద్ర పడని తవ్వలు

రికార్డింగ్ నొక్కావా అమ్మలూ? సరే. కాస్త మెల్లగా చెప్తా, మీ అమ్మ పక్క గదిలో కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూలో ఉంది. ఆ తలుపు కింద సందుంది చూడు, అందులోంచి మన మాటలన్నీ లోపలికి పోతాయి. అమెరికాలో ఈ చాండ్లర్‌లో ఇళ్ళన్నీ ఇంతే, అట్టపెట్టెల్లా ఉంటాయి.

ఏంటి మీ టీచరు అడిగింది, మళ్ళీ చదువు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళ చిన్నప్పుడు వాళ్ళ దేశంలో వచ్చిన ఒక పెద్ద ఎకనామిక్ మార్పు, దానివల్ల కలిగిన మేలు." మేలు కూడా నేనే చెప్పాలా? మార్పు చెప్తాలే. మేలు సంగతి తర్వాత చూద్దాం.

కిలోలొచ్చాయి. అదీ మార్పు. నవ్వకు. మీకు పుట్టినప్పట్నుంచీ కిలోలో పౌండ్లో ఏదో ఒకటి ఉంది. మాకు లేదు. మేం బియ్యం తూచేవాళ్ళం కాదు, కొలిచేవాళ్ళం. సోల, తవ్వ, మానిక, కుంచం. సోలకి రెండింతలు తవ్వ, తవ్వకి రెండింతలు మానిక. వంటింట్లో కుక్కర్ పక్కన నా ఇత్తడి గిన్నె ఉంటుందే, నువ్వు పెన్సిళ్ళు పెట్టుకుంటానంటే తిట్టానూ, అది తవ్వ. మా నాన్న చేసింది.

ఆయన పనే అది. బిందెలూ చెంబులూ చేసేవాళ్ళు మా వీధిలో చాలామంది ఉండేవారు. కొలతలు చేసేది మాత్రం మా నాన్నే. చెంబు కాస్త వొంకరైనా నీళ్ళు పడతాయి, తవ్వ వొంకరైతే జనం కొట్టుకుంటారు. రేకు వంచి, అతికి, అంచుకి కట్టు వేసి, అందులో ఆవాలు పోసి చూసేవాడు. పుల్లతో అంచు మీద గీసి, మిగిలినవి నేల మీద పడకుండా నా చేత పళ్ళెం పట్టించేవాడు. లెక్క పెట్టేటప్పుడు మొదటిదాన్ని "ఒకటి" అనేవాడు కాదు. "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. మా వైపు ధాన్యం కొలిచేవాళ్ళంతా అలాగే అంటారు. మంచి మాటతో మొదలెట్టాలని.

ఏడాదికోసారి తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు ఊరికొచ్చి పందిరి కింద కూచునేవాడు. అందరూ తమ కొలతలు పట్టుకెళ్తే, సరిచూసి, అంచు మీద సుత్తితో ముద్ర కొట్టేవాడు. ముద్ర ఉంటేనే కొట్లో వాడుకోవాలి. లేకపోతే కేసు. మా నాన్న తవ్వకి ముద్ర పడిందంటే మా ఇంట్లో అన్నం ఉడికినట్టే.

అప్పటికే అణాలు పోయి నయా పైసలొచ్చేశాయి. మా అమ్మ వాటిని పట్టుకుని "ఇవేం డబ్బులు, బొత్తాల్లా ఉన్నాయి" అనేది. తర్వాత కొలతల వంతొచ్చింది. ఇకనించి బియ్యం పప్పులు కిలోల్లోనే అమ్మాలని చాటింపేశారు.. చాటింపు అంటే నీకేం తెలుస్తుంది, మార్కెట్ దగ్గర డప్పు కొట్టి చెప్పారు. అందరూ విన్నారు. మా నాన్నా విన్నాడు. విని నవ్వాడు.

"తక్కెట్లో తూచి అమ్మితే తవ్వ మీద గోపురం ఎక్కడ పోస్తారే? కొసరు లేకుండా ఏ ఆడది బియ్యం పట్టుకెళ్తుంది?" అన్నాడు మా అమ్మతో.

"గవర్నమెంటు చెప్పింది కదయ్యా," అంది మా అమ్మ.

"గవర్నమెంటు వాళ్ళింట్లో కూడా అత్తెసరు తవ్వతోనే పెడతారు. రెండు పండగలు పోనీ, వాళ్ళే మళ్ళీ నా దగ్గరికొస్తారు."

నిజంగానే నమ్మాడు. మిగతా కొలతల పనివాళ్ళు పక్క ఊళ్ళల్లో అప్పుడే మానేసి బకెట్లకి మారిపోయారట. అందుకని ఈయన ఇంకా ఎక్కువ చేశాడు. అందరూ మానేస్తే గిరాకీ అంతా నాదే కదా అని. ఆ వర్షాకాలమంతా మా ఇంట్లో సుత్తి చప్పుడు ఆగలేదు. అటక నిండింది, మంచం కింద నిండింది. మేం తవ్వల మధ్య దారి చేసుకుని పడుకునేవాళ్ళం.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు బండి కట్టించుకుని వెళ్ళాడు. నేనూ వెళ్ళా. పందిరి అదే, బల్ల అదే. బల్ల మీద మాత్రం నల్లటి ఇనప తూకపురాళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. ఎక్కణ్ణించో లారీలో వచ్చినవి.

ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, చిన్నవాడు. తవ్వ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బాగా చేశావు. కానీ వీటికి ముద్ర లేదు మేస్త్రీ, ఇక ఉండదు."

"వచ్చే ఏడు ఉంటుందా బాబూ?"

"వచ్చే ఏడు కాదు. ఎప్పటికీ."

కోప్పడితే బావుండేది. ఎంతో మర్యాదగా చెప్పాడు. మా నాన్న తవ్వలన్నీ మళ్ళీ బండికెక్కించాడు. తిరిగొచ్చేటప్పుడు బియ్యం షావుకారు కొట్టు ముందు బండి ఆపాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ మా కొలతలే వాళ్ళకి.

"కొట్లో కాకపోతే లోపలైనా వాడుకోండి షావుకారు గారూ," అన్నాడు.

"లోపలికి నువ్విచ్చింది ఉందిగా మేస్త్రీ. మా ఆవిడ కాపరానికొచ్చినప్పటిది. ఇంకా సొట్ట కూడా పడలేదు. నువ్వే కాస్త పాడయ్యేలా చేసుండాల్సింది," అని నవ్వాడాయన. సరదాకే అన్నాడు. మా నాన్న కూడా నవ్వాడు. బండెక్కాక నవ్వు ఆగింది.

ఆ తర్వాతేడు కూడా సంచిలో నాలుగు తవ్వలు వేసుకుని పందిరి దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాతా వెళ్ళాడు. బకెట్లు చెయ్యరాదా అని మా మేనమామ అడిగితే, చేశాడు. అవీ కొలతల్లా చేశాడు, ఒక్కోదానికి అంతసేపు పడితే ఎవరాగుతారు. ఈలోగా అల్యూమినియం వచ్చిపడింది.

చివరికి మా అమ్మే పాత ఇత్తడి కొనేవాణ్ణి పిలిచింది. వాడు వంటింట్లోది తప్ప తవ్వలన్నీ తక్కెట్లో వేసి కిలోల లెక్కన తూచాడు. సంచిలో పట్టట్లేదని ఒక్కోటీ కింద పడేసి కాలితో తొక్కడం మొదలెట్టాడు. అది చూళ్ళేకపోయాడు మా నాన్న. "అలా కాదురా, ఉండు," అని లోపల్నించి సుత్తి తెచ్చుకున్నాడు. పీట వేసుకుని కూచుని, తవ్వని పక్కకి పడుకోబెట్టి, అతుకు మీద ఒక దెబ్బ, ఇటు ఒక దెబ్బ. తమలపాకులా చదునైపోయింది. పక్కన పెట్టి, "లాభం," అన్నాడు. నోటికి అలవాటైన మాట కదా. అలా అన్నట్టు ఆయనకి తెలియను కూడా తెలీదు. రెండోది తీసుకున్నాడు.

నేను పళ్ళెం పట్టుకోలేదు ఆ రోజు. పట్టుకోవడానికేం లేదు.

ఏంటీ? తర్వాత ఏ పని దొరికింది అంటావా? దొరకలేదమ్మలూ. మా అమ్మ అప్పడాలొత్తింది, మేం బతికాం. ఆయన వీధరుగు మీద కూచునేవాడు. పెద్ద ముసలాడు కూడా కాదు అప్పటికి, మీ అమ్మ ఇప్పుడున్న వయసే.

మీ అమ్మా మొన్న మా నాన్నలాగే అంది, విన్నావా. చిప్‌ల ఫ్యాక్టరీలో వాళ్ళ సెక్షను మొత్తం తీసేసిన రోజు. "ఇదంతా టెంపరరీ అమ్మా, మళ్ళీ వాళ్ళే పిలుస్తారు," అంది. ఈ ఇంటర్వ్యూ కూడా పోతే వీసా గడువులోగా సామాను సర్దుకుని ఇండియా పోవాల్సిందే. మీ నాన్న వీసా మీ అమ్మ వీసా మీదే ఉందాయె. నువ్విక్కడే పుట్టినా వెనకాల రావాల్సిందే. ధైర్యం చెప్పమని మీ అమ్మ చూస్తుంది నా వైపు. నేను చూసిందొకటి, దాంతో ధైర్యం ఎలా చెప్పను.

మేలు అంటావా. మోసాలు తగ్గాయి, దేశమంతా ఒకే కొలతొచ్చింది అని రాసుకో. అబద్ధం కాదు. మీ టీచరుకి సరిపోతుంది.

ఆగు. మాటలు ఆగిపోయాయి లోపల. తలుపు తీస్తోంది.

మొహం చూశా. ఏం అడక్కు మీ అమ్మని, అక్కర్లేదు. అది ఆపేసి వెళ్ళి కుక్కర్ పెట్టు. తవ్వ నిండా పొయ్యకు, సగం చాలు. మీ అమ్మ తినదు ఇవాళ.