బాబా తూటాలు, నా పోపు

ఆ రోజుల్లో మనిషికి అన్నం వండుకోవడం వస్తే చాలు, ఎడారిలోనైనా బతికేస్తాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. జగిత్యాల దాటి ఎన్నడూ పోని నేను సౌదీలో హాయిల్ దగ్గర ఒక గోధుమ పొలంలో నీళ్ళ పైపులు మార్చే పనికి చేరినప్పుడు, మా అమ్మ సంచిలో పెట్టిన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి చూసుకునే ధైర్యం తెచ్చుకున్నాను. కఫీలు (అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో ఖాళీ అయిన పాలపొడి డబ్బాలు తెచ్చుకుని, ఆ దినుసులన్నిటినీ వాటిలో పోసి, పొయ్యి పైనున్న అరలో వరసగా పెట్టుకున్నాను. ఆ అరకు నేనే రాజునని మురిసిపోతుండగా, దాన్ని ఆక్రమించడానికి ఒక ముసలాయన వచ్చాడు.

ఆయన మా కఫీలు తండ్రి. అందరం బాబా అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు పెద్ద వేటగాడట. ఆయనకు ఒక పాత తుపాకి, దానికో లైసెన్సు, వాటికి తోడు ఒక పిచ్చి ఉండేవి. పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలను పారెయ్యనిచ్చేవాడు కాదు. వాటిలో మళ్ళీ మందూ, సన్నటి సీసపు గుళ్ళూ నింపి, మూతి మడిచి, కొత్తవాటిలా చేసుకునేవాడు. ఇంట్లో ఈ మందుగుండేమిటని కోడలు గోల పెడితే, సరంజామా అంతా మోసుకొచ్చి నా గదిలో దించాడు. ఆ సీసపు గుళ్ళు కూడా నా అరలోనే, పాలపొడి డబ్బాలో ఉండేవి (అంతా ఒకే ఇంటి పాలు మరి!). రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే వచ్చి, ముందు నా పొయ్యి ఆర్పించి, "యా వలద్, కూర్చోరా అబ్బాయ్" అనేవాడు. ఆయనకు చూపు సరిగా ఆనదు. కాబట్టి కళ్ళు నావి, చేతులు ఆయనవి.

పక్కగదిలో ఉండే డ్రైవర్ అన్నది నిర్మల్ ఊరు. అడగకపోయినా చెబుతాడు కనుక ఆయనకు సలహాల అన్న అని పేరు పెట్టుకున్నాను. మమ్మల్ని చూసి గుమ్మంలో నిలబడి అనేవాడు: "ఏందిర తమ్మీ, అంగట్ల తయారున్నయ్ పెట్టెలకు పెట్టెలు దొరుకుతుంటే గింత కష్టమెందుకు? ముసలాయనకంటే పని లేదు, నీకేమైంది?" నాకూ నిజమే అనిపించి, ఒకసారి వచ్చీరాని అరబీలో బాబానే అడిగేశాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "కొనుక్కుంటే సాయంత్రం నేనేం చెయ్యను? గోడలు చూడనా?" అన్నాడు.

చలికాలం రాగానే ఇంటి మగవాళ్ళంతా ఎడారిలో గుడారాలు వేసుకుని వేటకు పోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆ ఏడు కఫీలు తండ్రికి తేల్చి చెప్పేశాడు. "నీకు చూపు లేదు, నీ తూటాలు సగం పేలవు. నువ్వు రా, తుపాకి మాత్రం ఇంట్లోనే ఉంటుంది." తుపాకి లేకుండా వెళ్ళి గుడారంలో దుప్పటి కప్పుకుని కూర్చోవడమంటే బాబాకు బతికుండగానే పక్కన పెట్టేసినట్టే. చివరికి పట్టుబట్టి ఒప్పించాడు: శుక్రవారం అందరి ముందూ తన చేతి తూటాతో నూనె డబ్బాను పడగొట్టాలి. పడితే తుపాకి ఆయన వెంటే.

గురువారం సాయంత్రం పండక్కి పిండివంటలు చేసినంత శ్రద్ధగా కూర్చున్నాం. "గుళ్ళ డబ్బా" అన్నాడు, అందించాను. కొలిచి పోస్తూ, "అరే, ఇవాళ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందిరా! నీ నూనె పనిచేసింది" అని మురిసిపోయాడు. (ఆయన భుజం నొప్పికి నువ్వుల నూనెతో నేనే మర్దనా చేసేవాణ్ణి.) నా వైద్యానికి నేనూ ఉబ్బిపోయాను. మర్నాడు పొద్దున పప్పుకు పోపు పెడితే ఆవాలు ఎంతకీ చిటపటమనవు. గరిటెతో తిప్పితే గిన్నెలో గణగణమన్నాయి. అమ్మ ఇచ్చినవి అయిపోయి కొట్లో కొన్నవి లెండి. "ఆవాలల్ల సుత రాళ్ళు కలుపుతరా, వీని ఇల్లు పాడుగాను!" అని కొట్టువాణ్ణి తిట్టి, పోపంతా పారబోసి, ఉత్త పప్పే తొక్కుతో నంజుకుని తిన్నాను. అంతటి తెలివి నాది!

శుక్రవారం నమాజు తర్వాత కొడుకులు, అల్లుళ్ళు అందరూ చేరారు. బాబా తుపాకి ఎత్తి పేల్చాడు. ఢామ్మంది గానీ డబ్బా కదల్లేదు. రెండోసారి పేలిస్తే డబ్బా మీద చిటపటమని ఏదో రాలింది (పొద్దున నేను ఎదురుచూసిన చిటపట అదే). గాలంతా మాడిన పోపు వాసన. ఎక్కడెక్కడి కోళ్ళో పరిగెత్తుకొచ్చి గింజలు ఏరుకుని తినసాగాయి. "సచ్చినవ్ పో తమ్మీ" అన్నాడు సలహాల అన్న నా చెవిలో. బాబా మెల్లగా వంగి ఒక గింజ ఏరి, పంటికింద నొక్కి, నా వైపు తిరిగాడు.

"యా వలద్! ఇది నీ పప్పులోది!"

అంతే, నవ్వడం మొదలుపెట్టాడు. నేలమీద కూలబడి కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. "పేలవన్నావుగా, పేలాయి చూశావా? వాసన కూడా వచ్చింది!" అని కొడుకుతో అంటూ మళ్ళీ నవ్వాడు. కఫీలు మాత్రం నవ్వలేదు, తండ్రినే చూస్తూ నిలబడిపోయాడు. భార్య పోయాక ముసలాయన అలా నవ్వడం అదే మొదటిసారని సలహాల అన్న తర్వాత చెప్పాడు. కఫీలు వచ్చి తుపాకి అందుకున్నాడు. ఇక బీరువాలోకే అనుకున్నాను. ఆయన దాన్ని తీసుకెళ్ళి బండిలో తండ్రి సీటు వెనక పెట్టాడు. "వీణ్ణి కూడా తీసుకెళ్దాం. వాడి డబ్బాలు మాత్రం వద్దు" అన్నాడు.

ఆ చలికాలం బాబా ఒక్క పిట్టనూ కొట్టలేదు. ఇసుకలో చాప పరుచుకుని సాయంత్రాలన్నీ ఇద్దరం తూటాలు నింపుకుంటూ కూర్చున్నాం. ఆయన పోయి ఇప్పటికి చాలాకాలమైంది, తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది. నేను రోట్లో కారం దంచుతుంటే మా ఆవిడ, "దుకాన్ల పొడి దొరుకుతది గదా, గీ కష్టమెందుకు?" అంటుంది. "కొనుక్కుంటే పొద్దుమీకి నేనేం జెయ్యాలె? గోడలు సూడాల్నా?" అంటాను. ఈమధ్య నాకూ భుజం నొప్పి పట్టుకుంది. అందుకే ఆవాల డబ్బా దించినప్పుడల్లా ఒకసారి చేత్తో ఎత్తి చూస్తాను. తేలిగ్గా ఉంటే, అరే, చెయ్యి బాగుపడిందే అనుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను.