కిందికి దించిన మనిషి

ప్రాణం పోతుందని కిందికి దించిన మనిషి పోకపోతే, మళ్ళీ మంచం ఎక్కించవచ్చా? పెద్దవాళ్ళను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. గీత రెండేళ్ళు చదివిన పుస్తకాల్లో ఆ సంగతే లేదు. ఐదేళ్ళు ముసలివాళ్ళను చూసుకున్నా ఆమెకు తేలని ప్రశ్న అది.

గీతది నిడమనూరు పక్కన చిన్న పల్లె. తండ్రి బక్కయ్య గొర్రెల కాపరి. పదో తరగతి పాసయ్యాక తోటి పిల్లలు ఎంపీసీ, బైపీసీ అంటుంటే ఆమె మిర్యాలగూడలో ఒకేషనల్ హెల్త్ వర్కర్ కోర్సులో చేరింది. రెండేళ్ళకు చేతిలో పని ఉంటుందని ఎవరో చెప్పారు. "సూదుల కాలేజీ పిల్ల ఎక్కింది, జర సర్దుకొని కూసోన్రి" అని ఆటోలో రోజూ ఎవరో ఒకరు నవ్వేవారు.

కాలేజీలో ఒకటే మంచం. రోగి బొమ్మ లేదు. ఆడపిల్లలే వంతులవారీగా రోగులై పడుకునేవారు. మంచాన పడ్డవాళ్ళను చూసుకునే పాఠం శోభ మేడం చెప్పింది. "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలె. తిప్పకపోతె నడుము మీద పుండు లేస్తది. లేసిందంటె తప్పు రోగిది కాదు, నీది." చివరి మాటను గీత ఎర్ర పెన్నుతో రాసుకుంది.

సూర్యాపేట ఆసుపత్రిలో ట్రైనింగ్ ముగిశాక, ముసలివాళ్ళున్న ఇళ్ళకు మనుషులను పంపే ఆఫీసులో అక్కడే పేరు రాయించుకుంది. ఐదేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారింది. ఒక ఇల్లు ఎప్పుడు మారాల్సి వస్తుందో ఎవరూ అడగనక్కర్లేదు. మంచం ఖాళీ అయితేనే.

తొమ్మిదో ఇల్లు కోదాడలో. నాంచారమ్మకు ఎనభై దాటాయి, పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. కొడుకు ధనుంజయ్ రైస్ మిల్లులో గుమస్తా. కోడలు శ్రీలత. ఏడు నెలలు ముసలామె గీత చేతుల మీదే ఉంది. ఒంటి మీద ఒక్క పుండు లేదు. బట్టలు మార్చిన ప్రతిసారీ నాంచారమ్మ ఒకటే తిట్టేది: "నీ చేతులు పాడుగాను, ఎంత సల్లగున్నయే పిల్లా."

ఒక బుధవారం పొద్దున ముసలామె అరికాళ్ళు చల్లబడ్డాయి. గోళ్ళు నీలంగా తిరిగాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఇలాంటిది డాక్టరుకు చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు కాదు. శోభ మేడం అదీ చెప్పింది. కానీ ధనుంజయ్ అప్పుడే చెప్పులు వేసుకుని మిల్లుకు బయలుదేరుతున్నాడు. గీత ఆగలేకపోయింది.

"అన్నా, ఇయ్యాల పోకు. పొద్దుగూకేదాక ఉండదేమో."

మంచం మీద ప్రాణం పోకూడదు. గంటలో నట్టింట్లో గడ్డి పరిచారు, దాని మీద చాప వేశారు. నలుగురు పట్టి నాంచారమ్మను దించారు. నేరేడుచర్ల నుంచి కూతురు ఏడుస్తూ వచ్చింది. అందరూ తులసి నీళ్ళు పోశారు. నవారు మంచాన్ని వాకిట్లో నిలబెట్టారు.

పొద్దు గూకింది. తెల్లారింది. నాంచారమ్మ కళ్ళు తెరిచి, "చాయ్ పొయ్యవా ఏంది పిల్లా?" అంది.

మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు కూతురు వెళ్ళిపోయింది. మూడో రోజు నుంచి చూడవచ్చినవాళ్ళు ముసలామెను కాదు, గీతను చూశారు. "గడియ చెప్పింది ఈ పిల్లేనా?" అంది ఎదురింటి ఆమె. ఆమె భర్త చెయ్యి చాపి, "డాక్టరమ్మా, నాదెప్పుడో కూడా చూసి చెప్పు, పొలం పని ఉంది" అన్నాడు.

మంచం మాత్రం లోపలికి రాలేదు.

గీత మోకాళ్ళ మీద కూర్చుని, రెండు గంటలకొకసారి ముసలామెను పక్కకు తిప్పింది. కింద ఉన్న మనిషిని తిప్పడమంటే నడుము విరిగే పని. చాప కింద దుప్పట్లు మడిచి వేసింది. అయినా ఆరో రోజుకు తుంటి మీద ఎర్రగా కందింది. ఎనిమిదో రోజుకు తోలు లేచింది. నాంచారమ్మ తిట్టడం మానేసింది.

"అక్కా, మంచం మీదికి మారుద్దాం" అంది గీత, శ్రీలతతో.

"దించిన మనిషిని మంచం ఎక్కిస్తే ఇంటికి అరిష్టమంటారు. మా పిల్లలున్నారు."

"పుండు లోపలికి పోతె నొప్పికి నిద్ర ఉండదక్కా."

"నువ్వు ఆ మాట అనకుండా ఉంటే మేం దించేవాళ్ళమా?"

గీత చాప కింద ఇంకో దుప్పటి మడిచి వేసింది. మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేస్తే, దించిన మనిషిని మళ్ళీ మంచం ఎక్కించొచ్చా అని, అడగాలని లేకపోయినా అడిగింది.

"గొర్రె పడుకుంటె లేపి నిలబెడతం బిడ్డా" అన్నాడు బక్కయ్య. "సచ్చేదైతె నిలబడి సస్తది. గొర్రెకు శాస్త్రం చెప్పేటోళ్ళు లేరు గద."

"మనిషికైతె?"

"మనిషికి ఇంటోళ్ళుంటరు. నువ్వు ఊకో, వాళ్ళతోని పెట్టుకోకు" అని ఫోన్ పెట్టేశాడు.

తొమ్మిదో రోజు ధనుంజయ్ మిల్లుకు వెళ్ళాడు. గీత వాకిట్లోకి వెళ్ళి మంచాన్ని ఈడ్చుకొచ్చింది. మంచం కోళ్ళు గచ్చు మీద గీరుకుంటున్న చప్పుడుకు శ్రీలత వంటగదిలోంచి తొంగి చూసింది. వద్దనలేదు. రానూ లేదు. తలుపు సగం దగ్గరగా వేసింది.

ఇద్దరు చేయాల్సిన పని. గీత ఒక చెయ్యి మెడ కింద, ఒకటి మోకాళ్ళ కింద పెట్టి, బక్కయ్య వానలో గొర్రెను ఎత్తుకున్నట్టు ఎత్తింది. నాంచారమ్మలో బరువేం మిగల్లేదు. "పడేస్తవే" అంది ముసలామె, చాలా రోజుల తర్వాత. పుండు కడిగి, మందు రాసి, ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టింది. ముసలామె మూలగకుండా నిద్రపోయింది.

సాయంత్రం ధనుంజయ్ వచ్చాడు. మంచం చూశాడు. తల్లి ముఖం చూశాడు. చేతిలో టిఫిన్ గిన్నె కింద పెట్టకుండానే అడిగాడు.

"ఎవరు ఎక్కించారు?"

"నేనే అన్నా."

"మేం ఎవరం ముట్టలేదు కదా?"

"ముట్టలేదు."

అతను తల ఊపాడు. కోపమో, ఊరటో గీతకు తెలియలేదు. లోపల మొగుడూ పెళ్ళాలు మెల్లగా మాట్లాడుకున్నారు. కాసేపటికి శ్రీలత ఒక్కతే వచ్చింది.

"మళ్ళీ దించటం మా వల్ల కాదులే. అక్కడే ఉంటుంది. కానీ నువ్వు ఉండొద్దు గీతా. రేపటి నుంచి ఎవరైనా అడిగితే, ఆ పిల్ల చేసింది, పంపించేశాం అని చెప్పుకోవాలి మేం."

"పక్కకు తిప్పేది ఎవరక్కా?"

"నేర్పు. తిప్పుతా."

గీత నేర్పింది. భుజం ఎక్కడ పట్టాలో, తుంటి ఎక్కడ పట్టాలో చూపించింది. శ్రీలత మొదటిసారి భుజం జారవిడిచింది, రెండోసారి పట్టు కొంచెం కుదిరింది. మధ్యలో నాంచారమ్మ కళ్ళు తెరిచి, "ఇదెవతే, చేతులు కాలుతున్నయ్" అని గొణిగి మళ్ళీ నిద్రలోకి జారింది.

గీత రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. మంచం దగ్గరికి వచ్చి, జారిన దుప్పటి సరిచేయబోయి ఆగింది. ముట్టుకుంటే లేస్తుంది. లేస్తే ఎక్కడికే అని అడుగుతుంది. చెప్పులు చేతిలో పట్టుకుని వాకిలి దాటి, సూర్యాపేట బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.